ముందు ఫొటో, తర్వాత ఫొటో.. మధ్యలో ఉపాధి ఎంత?

మీరూ చూసే ఉంటారు. ఫోన్‌లో రెండు ఫొటోలు పక్కపక్కన. ఎడమవైపు ఉన్నది కుక్కో, పాత గోనెపట్టా ముక్కో తెలియదు. బొచ్చు అట్టలు కట్టి, కళ్లు కనపడక, పొట్ట కింద మట్టి గడ్డలు వేలాడుతూ ఉంటుంది. కుడివైపు అదే కుక్క తెల్లగా, మెడలో రంగు రుమాలుతో, నాలుక బయటపెట్టి మనవైపే చూస్తుంటుంది. కింద లక్షల్లో లైకులు. ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం ఎదురుచూస్తూనో, ఉదయగిరిలో సెమిస్టర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా కూర్చునో ఇలాంటివి పది చూశాక ఒక ఆలోచన రాక మానదు. ‘ఒక ట్రిమ్మరు, ఒక ఫోను. ఇంతేగా! మన ఊళ్లో మనమెందుకు మొదలుపెట్టకూడదు?’

మొదలుపెట్టొచ్చు. తప్పేం లేదు. కాకపోతే ఆ రెండు ఫొటోల మధ్య కొన్ని గంటల పని ఉంది. కొంచెం చట్టం, కొంచెం ప్రాణభయం, ఎదురింటివాళ్ల పరువు కూడా ఉన్నాయి. అవేవీ ఫొటోలో పడవు. ఎక్కడో నగరంలో ఫీజు కట్టి కోర్సులో చేరేముందు వాటి లెక్క చూసుకుందాం.

కోర్టు ఏమంది?

ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఒక కారణముంది. 2025 జులై 28న సుప్రీంకోర్టు వీధికుక్కల సమస్యను తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు చేర్చమంది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలాలి, రేబిస్ సోకినవాటినీ ఎగబడి కరిచేవాటినీ మాత్రం వదలకూడదు అంది. కేసును అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో తిరిగే కుక్కల్ని తరలించాలి, తిరిగి అక్కడే వదలడానికి వీల్లేదు.

అంటే మీ కాలేజీ క్యాంటీన్ దగ్గర మీరు బిస్కెట్లు వేసే కుక్క కూడా ఈ లెక్కలోకి వచ్చేసింది. ఆగస్టు ఉత్తర్వులోనే ఇంకో మాట ఉంది. ఇష్టమున్నవాళ్లు స్థానిక మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు. ఆ కుక్క మళ్లీ రోడ్డెక్కకుండా చూసే బాధ్యత వాళ్లదే. వార్తల్లో పెద్దగా నలగని ఈ మాటే మన విషయానికి బాగా దగ్గరిది. దానికి మళ్లీ వద్దాం.

ముందు ఒక తేడా గమనించండి. వీధికుక్క వేరు, పట్టించుకోక వదిలేసిన పెంపుడు కుక్క వేరు. మన నాటు కుక్కకు పొట్టి వెంట్రుకలు. అవి అట్టలు కట్టవు. దానికి గోమార్లు పడతాయి, గజ్జి పడుతుంది, పుండ్లు పడతాయి కానీ జడలు కట్టవు. రీల్స్‌లో ఎడమవైపు కనిపించే ఆ అవతారం దాదాపు ఎప్పుడూ పొడుగు బొచ్చున్న జాతి కుక్కదే. అంటే ఒకప్పుడు ఎవరో డబ్బు పెట్టి కొని, ముద్దుగా పేరు పెట్టి, ఇంటికి తెచ్చుకున్నది.

పశ్చిమ నెల్లూరు ఊళ్లలో ఆ కథ ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నెల్లూరు నుంచో, చెన్నై నుంచో పమేరియన్ పిల్లను తెస్తారు. ఆర్నెల్లు ఇంట్లో రాజభోగం. దాన్ని అడిగి తెప్పించుకున్న పిల్లాడు హాస్టల్‌కు పోతాడు. కుక్క మిద్దెమీదికో, మెట్ల కిందికో మారుతుంది. వేళకు అన్నం పెడతారు, అందులో లోపముండదు. బొచ్చు దువ్వేవాళ్లే ఉండరు. పైన మే నెల నెల్లూరు ఎండ, ఒంటిమీద మంచు దేశాల కోటు. ఇది క్రూరత్వం అనేకంటే తెలియనితనం అంటే సరిపోతుంది. ఈ మాట ఎందుకు అంటున్నానో కొంచెం ముందుకు పోతే తెలుస్తుంది.

అట్టల కింద ఏముంటుంది?

అసలు పని ఇక్కడుంది కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

అట్ట కట్టిన బొచ్చు ఊరికే అసహ్యంగా ఉండటం కాదు, అది కుక్క అడుగు వేసిన ప్రతిసారీ చర్మాన్ని లాగుతుంది. మీ జుట్టును గట్టిగా ముడేసి రోజంతా ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు. దాని కిందికి గాలి పోదు. తడి, మూత్రం, చెమ్మ అక్కడే నిలిచి చర్మం పుండవుతుంది. ఈగలు గుడ్లు పెడితే పురుగులు పడతాయి. గోళ్లు పెరిగిపెరిగి వంపు తిరిగి అరికాలి మెత్తల్లోకి గుచ్చుకుంటాయి. గోమార్లు రక్తం తాగడంతో సరిపెట్టుకోవు, ఎర్లీకియా అనే జ్వరాన్ని అంటిస్తాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి, ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది. ఇవన్నీ మీరు బొచ్చు తీశాక బయటపడే సంగతులు. పైకి మాత్రం ‘కొంచెం మాసింది, స్నానం చేయించు’ అని అప్పగిస్తారు.

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు సరిగ్గా ఆ స్నానమే. అట్టలు కట్టిన బొచ్చుమీద నీళ్లు పోస్తే అది ఇంకా బిగుస్తుంది, తడిసిన తాడు ముడిలాగా. ముందు పొడిగా ఉన్నప్పుడే అట్టలు తీయాలి, ఆ తర్వాతే నీళ్లు. రెండో పొరపాటు కత్తెర. అట్టను పట్టి లాగితే చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుంది. ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. కత్తెర వేస్తే చర్మం తెగుతుంది. అందుకే క్లిప్పర్‌కు 10వ నంబరు బ్లేడు తగిలించి, అట్టకూ చర్మానికీ మధ్యన చదునుగా పోనిస్తారు. అయిదు పది నిమిషాలకే బ్లేడు కాలుతుంది. మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి. మీకు చురుక్కుమంటే దానికి వాతే.

చెవుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బిగిసిపోయిన అట్టను చెవి నుంచి ఒక్కసారిగా తీసేస్తే రక్తం వేగంగా పారి, కుక్క తల విదిలించి విదిలించి, చెవి డొప్ప బుడగలా ఉబ్బిపోతుంది. తెల్ల గోరులో రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోరులో కనపడదు. కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోవాల్సిందే. రక్తం ఆపే పొడి చేతికందేచోట లేకుండా గోళ్ల జోలికి పోవద్దు. మనం తలకు వాడే షాంపూ దాని చర్మానికి పడదు. మన చర్మం కంటే దానిది తక్కువ ఆమ్లత ఉన్నది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కను వేడి డ్రయ్యర్ ముందు నిలబెడితే ఊపిరాడక వడదెబ్బ తగిలినట్టు కూలిపోవచ్చు.

ఎండాకాలంలో మీకు ఎక్కువగా వచ్చే బేరం ఒకటి ఉంటుంది. ‘ఎండలు మండిపోతున్నాయి, పమేరియన్‌కు గుండు కొట్టేయ్.’ డబ్బు ఇస్తామంటారు, పని కూడా సులువే. కానీ పమేరియన్, హస్కీ లాంటివాటికి రెండు పొరల బొచ్చు. నున్నగా గీసేస్తే కొన్నింటికి నెలలు గడిచినా, ఒక్కోసారి ఏళ్లు గడిచినా సరిగా మొలవదు. పై పొర ఎండ తగలకుండా కూడా కాపాడుతుంది. లోపలి పొరలో ఊడిన వెంట్రుకల్ని దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది. విడదీయలేనంతగా అట్టలు కట్టినచోట గీయక తప్పదు, అది వేరే సంగతి. ‘గుండు వద్దు, దువ్వుతాను’ అని చెప్పి, అదే డబ్బుకు మూడింతల పని చేయడానికి మీరు సిద్ధమేనా?

సూది మీది కాదు

బొచ్చు తీశాక గజ్జి కనపడుతుంది. యజమాని అడుగుతాడు, ‘ఏదన్నా సూది వేయకూడదా?’ మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ దొరుకుతుంది, యూట్యూబ్‌లో డోసు చెప్పేవాళ్లు దొరుకుతారు. ముట్టుకోవద్దు. కోలీ లాంటి కొన్ని జాతులకు ఆ మందు ఎక్కువ మోతాదులో పడితే ప్రాణమే పోతుంది. దానికంటే ముందు, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. గ్రూమింగ్‌కు మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సు అంటూ లేదు కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. సూది పట్టుకున్న క్షణం మాత్రం మీరు గ్రూమర్ కాదు, దొంగ వైద్యుడు.

మరి ఏం చేయాలి? ఇక్కడే మొదటి ఫొటోకు అసలు ఉపయోగం ఉంది. కుక్కను తెచ్చిన వెంటనే, చేయి వేయకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. బొచ్చు తీశాక పుండ్లు, గోళ్లు, చెవుల లోపల దగ్గరగా ఇంకో నాలుగు. తేదీ ఉండాలి. అవి పశువైద్యుడికి చూపించడానికి. ‘ఈ గాయం నువ్వే చేశావు’ అని రేపు యజమాని అంటే చూపించడానికి కూడా. ఇంటి దగ్గర కదలలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేయమని యజమానికి చెప్పండి. సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబరు అది.

ఇక మీ ఒంటి సంగతి. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. రేబిస్ వచ్చాక మందు లేదు. అందుకే ఈ పనిలోకి దిగేవాళ్లు కాటు పడకముందే టీకా వేయించుకోవాలి. మామూలుగా మొదటి రోజు, 7వ రోజు, మళ్లీ 21 లేదా 28వ రోజు మూడు డోసులు వేస్తారు. అది వేయించుకున్నా సరే, కాటు పడితే సబ్బుతో 15 నిమిషాలు ధారగా పారే నీళ్లలో కడిగి, ఆసుపత్రికి వెళ్లి మరో రెండు డోసులు తీసుకోవాల్సిందే. ‘టీకా ఉందిలే’ అని ఇంట్లో కూర్చోకూడదు. కుక్క మూతికి చిక్కం కట్టడం నేర్చుకోండి. ఎద్దులకు కట్టే చిక్కం తెలిసిన ఊరివాళ్లం, మనకది కొత్తేం కాదు. ఊపిరాడేలా ఉండాలి, అంతే.

ఉదయగిరి గరిటె పాఠం

ఇప్పుడు డబ్బు. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు మీకు తెలుసు. కొండల్లోని కలపను చేత్తో చెక్కే ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉదయగిరిలో ఆ చెంచాకు మంచి ధర పెట్టేవాళ్లు లేకపోయినా ఫర్వాలేదు. హైదరాబాద్ ప్రదర్శనలో అమ్ముకోవచ్చు, పార్సిల్‌లో బెంగళూరు పంపొచ్చు. సరుకు ప్రయాణం చేస్తుంది. కుక్క స్నానం అలా కాదు, దాన్ని పార్సిల్ చేయలేం. ఈ పనికి బేరం మీ బండి పోయి వచ్చే దూరంలోనే ఉండాలి. ఫొటోకు బోస్టన్‌లో లైకు పడినా ఆత్మకూరులో మీ పెట్రోలు ఖర్చు రాదు.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. ఇవి నా ఊహ అంకెలు, మీ ఊరిని బట్టి మార్చుకోండి. ఒక కుక్కకు రూ.500. రోజుకు రెండు, నెలకు 25 రోజులు. 50 కుక్కలు, రూ.25,000. పెట్రోలు, షాంపూ, బ్లేడ్ల సాన, పాడైన డ్రయ్యర్ మరమ్మతు కింద మూడో వంతు తీసేయండి. చేతికి సుమారు రూ.16,500 మిగులుతుంది. చెడ్డదేం కాదు. ఇంటి దగ్గరే ఉండి, అద్దె లేకుండా సంపాదించేది. నగరంలో చిన్న ఉద్యోగానికి వెళ్లి గది అద్దె, మెస్ బిల్లు కట్టాక మిగిలేదానితో పోల్చి చూసుకోండి.

కానీ ఆ 50 ఎక్కడి నుంచి రావాలి? ఒక కుక్క ఆరు వారాలకోసారి వస్తుందనుకుంటే, నెలకు 50 పడాలంటే మీ చేతిలో 75 కుక్కలుండాలి. ఆత్మకూరు, అనంతసాగరం, మర్రిపాడు కలిపి 75 ఇళ్లు. లేదా ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు కలిపి 75 ఇళ్లు. కుక్కకు రూ.500 పెట్టి ‘కటింగ్’ చేయించే ఇళ్లు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అసలు ప్రశ్న ఇదే.

రీల్స్ మనల్ని తప్పుదారి పట్టించేది కూడా ఇక్కడే. ఎడమవైపు ఫొటో ఎంత ఘోరంగా ఉంటే లైకులు అన్ని ఎక్కువ. మీకు మాత్రం డబ్బు అంత తక్కువ. ఏడాదిగా పట్టించుకోని కుక్కకు మూడు నాలుగు గంటలు పడుతుంది. నీరసంగా ఉంటే ఒక్కరోజులో అవదు, రెండు రోజులకు విడగొట్టాలి. బ్లేడు మొద్దుబారుతుంది. అంత చేశాక, ‘కుక్క గుండుకి అయిదొందలా! నా కటింగ్‌కి నూటయాభై’ అని బేరమాడేది కూడా ఆ ఇంటివాళ్లే. ఎందుకంటే దానిమీద ఖర్చు పెట్టే అలవాటు వాళ్లకు లేదు, ఉంటే అది ఆ స్థితికి వచ్చేదే కాదు. మీకు బువ్వ పెట్టేది ఆరు వారాలకోసారి వచ్చే శుభ్రమైన కుక్క. దాని ముందు ఫొటోకూ తర్వాత ఫొటోకూ పెద్ద తేడా ఉండదు. చూసేవాళ్లకు విసుగు. మీరు ఎంత బాగా పనిచేస్తే మీ పేజీ అంత చప్పగా తయారవుతుంది.

అందుకని నా ఉద్దేశంలో చూడాల్సింది మూడో ఫొటో. ఆరు వారాల తర్వాత అదే గోడ పక్కన, అదే ఎత్తులో తీసింది. అందులో మళ్లీ అట్టలు కనిపిస్తే మీరు కుక్కకు కటింగ్ చేశారు కానీ ఇంటివాళ్లకు దువ్వెన పట్టుకోవడం నేర్పలేదన్నమాట. ఇలాంటి మూడో ఫొటో పెట్టే పేజీలు నాకు పెద్దగా కనపడలేదు.

ఆ ఫొటో ఎవరిది?

ఎక్కడో నగరంలో ఒక గ్రూమర్ ఎవరి కుక్కదో ‘ముందు’ ఫొటో పెడితే ఆ కుక్క ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆత్మకూరులో అలా కుదరదు. ఆ గేటు రంగు, వెనకాల ఉన్న బండి చూసి ఎవరిల్లో చెప్పేస్తారు. సాయంత్రానికల్లా ఫోన్ వస్తుంది, ‘ఏంది నాయనా, మా కుక్క ఫొటో ఊరందరికీ చూపించినావంట?’ ఆ ఇంటి బేరం పోతుంది. అది చిన్న నష్టం. పెద్ద నష్టం ఏంటంటే, ఆ వీధిలో అట్టలు కట్టిన కుక్కలున్న ఇంకో నాలుగిళ్లవాళ్లు ‘వీణ్ని పిలిస్తే మన పరువూ తీస్తాడు’ అనుకుని తలుపులు మూసుకుంటారు. నష్టపోయేది మీరొక్కరే కాదు, ఆ నాలుగు కుక్కలు కూడా.

ముందు ఫొటో తీయండి, కానీ అది యజమానిది. పెట్టాలంటే అడగాలి, నోటిమాటగా కాదు, వాట్సాప్‌లో ‘సరే’ అని రాయించుకోవాలి. గేటు, ఇంటి నంబరు, మనుషులు పడకుండా ఉత్త గోడ ముందు తీయాలి. ‘పాపం ఎంత హింసపెట్టారో చూడండి’ లాంటి వ్యాఖ్యలు వద్దు.

మరి నిజంగానే హింసపెట్టిన కేసు ఎదురైతే? తిండి పెట్టకుండా కట్టేసినవి, మరిగే నీళ్లు పోసినవి, కాళ్లు విరగ్గొట్టినవి కూడా ఉంటాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. కారణం లేకుండా వదిలేయడమూ నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. అరవై అయిదేళ్ల నాటి అంకె అలాగే మిగిలిపోయింది. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 325 వర్తిస్తుంది, అయిదేళ్ల వరకు జైలు. అలాంటప్పుడు తేదీ ఉన్న ఆ ఫొటో వెళ్లాల్సింది ఇన్‌స్టాగ్రామ్‌కు కాదు, పశువైద్యుడి దగ్గరికి, పోలీస్ స్టేషన్‌కు. ముందే ఆన్‌లైన్‌లో పెడితే ఊరు గొడవలో పడి అసలు ఫిర్యాదు నీరుగారిపోతుంది. తెలియనితనానికి ఒక దారి, కావాలని చేసినదానికి ఇంకో దారి. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఇంకో పాపం కూడా ఉంది. లైకుల కోసం కావాలనే కుక్కపిల్లను బురదలో, తారులో ముంచి, ‘కాపాడుతున్నట్టు’ వీడియో తీసేవాళ్లు తయారయ్యారు. 2021లో యూట్యూబ్ ఇలాంటి నాటకాల వీడియోలను తమ వేదికపై నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. అయినా ఆగలేదు. అంత దూరం పోకపోయినా, అట్టలు ఇంకా పెద్దగా కనపడాలని నీళ్లు చల్లడం, ముందు ఫొటో చీకట్లో, తర్వాత ఫొటో ఎండలో తీయడం మామూలైపోయింది. కనుమ రోజు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగేసి ముస్తాబు చేస్తాం. పండగ ముస్తాబు కోసం ముందురోజు దానిమీద ఎవరూ పేడ పూయరు కదా.

ఫొటో నిజంగా పనిచేసేచోటు

అమ్మకానికి కాదు, దత్తతకు. న్యూయార్క్‌లో మార్క్ ఇమ్‌హాఫ్ అనే ఆయన అకౌంటెంటుగా పనిచేసి, తర్వాత గ్రూమింగ్ నేర్చుకున్నాడు. నగర ఆశ్రయ కేంద్రంలో ఎవరూ తీసుకుపోని కుక్కలకు ఉచితంగా కటింగ్ చేసి ఫొటోలు పెట్టేవాడు. బొచ్చులోంచి మొహం బయటపడ్డాక వాటికి ఇళ్లు దొరికాయి. క్లిప్పర్లు తయారుచేసే వాల్ కంపెనీ 2012 నుంచి ఆశ్రయ కేంద్రాల కుక్కల ముందు–తర్వాత ఫొటోలతో పోటీ కూడా పెట్టింది. అందులో వ్యాపార ప్రచారం లేదని అనను. ఫొటో ప్రభావంపై పరిశోధనలూ జరిగాయి. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం అమెరికాలోని దత్తత సైటు ఫొటోలను పరిశీలించి, కుక్క కెమెరావైపు చూస్తున్నవి, ఆరుబయట తీసినవి త్వరగా దత్తతకు పోయాయని, మసకగా ఉన్నవి ఆలస్యమయ్యాయని చెప్పింది. 

తెలుగునాట ఈ పనికి పెద్ద ఠికానాలు నగరాల్లో ఉన్నాయి. అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖపట్నంలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ. అక్కడ కొన్నాళ్లు స్వచ్ఛందంగా పనిచేస్తామని అడిగితే వారంలో మీకు తెలిసేది నెల కోర్సులో కూడా తెలియకపోవచ్చు.

మన దగ్గర దత్తత అంటే మొదట గుర్తుకు రావాల్సింది మీ కాలేజీ కుక్కే. నవంబరు 7 ఆదేశం అమలైతే దాన్ని ఎక్కడికో తరలిస్తారు. ఊరి చివర పొలం ఉన్నవాళ్లు, గొర్రెల కాపరులు, కాపలాకు కుక్క కావాల్సినవాళ్లు మీ మండలాల్లో తక్కువేం లేరు. నాటు కుక్కకు కటింగ్ అక్కర్లేదు. గోమార్లు ఏరి, స్నానం చేయించి, టీకా వేయించి, ఆపరేషన్ చేయించి, ఒక మంచి ఫొటో తీస్తే అరపూట పని. ఫోన్‌ను కుక్క కళ్ల ఎత్తుకు దించండి, మోకాళ్లమీద కూర్చోక తప్పదు. ఉదయం ఎనిమిదిలోపు, నీడలో. నల్ల కుక్కయితే వెనకాల లేత రంగు గోడ. స్క్రీన్‌మీద దాని మొహాన్ని తాకి వెలుతురు పెంచండి, లేకపోతే రెండు కళ్లు తప్ప ఇంకేం కనపడవు. పిలిచి చూపు తిప్పడానికి ఒక బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చాలు. ఫిల్టర్లు వద్దు. ఫొటో కింద వయసు, ఆడో మగో, టీకా తేదీ, పిల్లలతో ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాయాలి. కరిచే అలవాటుంటే అది కూడా.

కోర్సా, జీతమా?

నగరాల్లోని ప్రైవేటు అకాడమీలు కొన్ని వారాల కోర్సుకు వేలల్లో, కొన్నిచోట్ల లక్ష దాకా కూడా తీసుకుంటున్నాయి. సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తే కానీ పని చేయనివ్వం అనే చట్టం ఏదీ లేదని ముందే అనుకున్నాం. కాబట్టి ఎదురు డబ్బు కట్టేముందు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని పెట్ సెలూన్లలో ‘బేథర్’ ఉద్యోగం అడిగి చూడండి. స్నానం, ఆరబెట్టడం, దువ్వడం, మీకంటే సీనియర్ కత్తిరిస్తుంటే పట్టుకోవడం. జీతం కొంచెమే. ఆర్నెల్లలో మీకు రెండు విషయాలు తేలిపోతాయి, చేయి తిరిగిందా లేదా, ఈ వాసన మీకు పడుతుందా లేదా. పడకపోతే లక్ష మిగిలినట్టే.

పశువుల రంగంలోనే స్థిరమైన ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు ఇంకో దారి తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లు. పదో తరగతి అర్హతతో రెండేళ్ల డిప్లొమా. గ్రామ పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు అడిగేది ఇలాంటి చదువే. 2023 నవంబరులో 1,896 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు చెప్పండి, డిగ్రీ చివర్లో ఉన్న మీకు అది వెనక్కి తిరిగి నడవడమే.

సొంతంగా పెట్టాలనుకుంటే దుకాణం వద్దు, బండిమీద ఇళ్లకు వెళ్లే పద్ధతి మేలు. క్లిప్పరు, మూడు బ్లేడ్లు, బ్లోయరు, మడిచే టేబులు, చిక్కాలు, దువ్వెనలు జాగ్రత్తగా కొంటే రూ.50,000 లోపు సర్దుకోవచ్చు. ముద్ర పథకంలో శిశు రుణం పరిమితి కూడా సరిగ్గా అంతే, తనఖా అడగరు. బ్యాంకు మేనేజర్ ‘కుక్కలకు కటింగా?’ అని నవ్వితే నవ్వనివ్వండి. ఇంట్లో ఆ నవ్వు ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ‘డిగ్రీ చదివించింది కుక్కలకు గుండు గీయడానికా?’ మనుషులకు క్షౌరం చేసే వృత్తినే చిన్నచూపు చూసిన ఊళ్లు మనవి. ఆ వృత్తి కుటుంబాల పిల్లలకు క్లిప్పర్ పట్టుకోవడంలో మిగతావాళ్లకంటే ముందే చేయి తిరిగి ఉంటుందన్నది మాత్రం నిజం. అలాంటి స్నేహితుడు ఉంటే భాగస్వామిగా కలుపుకోండి, పని నేర్పే గురువు ఊళ్లోనే దొరికినట్టు.

ఇవన్నీ చేసేముందు ఖర్చు లేని పని ఒకటుంది. ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేశాడు. ఊళ్లో కుక్కకోసం పని మానుకుని వచ్చే ఇళ్లన్నీ ఆ పొద్దు ఒకే వరుసలో నిలబడతాయి. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో పొద్దున్నే అక్కడికి పోయి, డాక్టరుగారిని అడిగి, కుక్కల్ని పట్టుకోవడంలో సాయం చేయండి. చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంచుకోండి. ఎన్ని కుక్కలొచ్చాయి, ఎన్నింటికి పొడుగు బొచ్చు, ఎన్నింటికి చెవుల వెనక అట్టలు కట్టాయి, ఏ ఊళ్ల నుంచి వచ్చాయి, ఇంటికొచ్చి శుభ్రం చేస్తే ఎంత ఇస్తారు? అడిగి రాసుకోండి. ఆ రోజు ఫొటోలు మాత్రం తీయొద్దు. సాయంత్రం లెక్క చూడండి. 75 దాటితే మళ్లీ మాట్లాడుకుందాం.